గ్రీకుల గ్రహణం, మా ఊరి పద్నాలుగు పడవలు

ఇది 1974 నవంబరు 29, శుక్రవారం, సాయంత్రం ఏడు గంటలకు ఒక్క నిమిషం తక్కువగా మొదలైంది. ఆ నిమిషం గురించి నాకు సందేహం లేదు. బరంపురంలో ఉండే మా మేనత్త తన పాత చేతిగడియారం నాకిచ్చింది. అది రోజుకు రెండు నిమిషాలు వెనకబడేది, నేను రోజూ పొద్దున్న రేడియో వార్తల వేళ రెండు నిమిషాలు ముందుకు తిప్పేదాన్ని. ఆ సాయంత్రం మా ఆర్యపల్లి ఒడ్డున నిలబడి, చంద్రుడి అంచు నల్లబడగానే గడియారం చూసి నోటుపుస్తకంలో రాసుకున్నాను. అప్పట్లో మనిషికి పదిహేడేళ్ళు వచ్చేసరికి లోకంలో తనకు తెలియనివి రెండో మూడో మిగిలి ఉంటాయనిపించేది (అందరి సంగతీ నాకు తెలియదు, నాకు అలాగే అనిపించేది). ఆ రెండు మూడింటిలో ఒకటి, పూర్తిగా చదవని కథను పదిమంది ముందు చెప్పకూడదన్నది. అది తెలుసుకోవడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో మా ఊళ్ళో చాలా పొయ్యిలు ఒక్క పూటే వెలిగాయి.

మా ఇంట్లో బడి దాటి కాలేజీకి వెళ్ళిన మొదటి మనిషిని నేను. వారమంతా బరంపురంలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకోవడం, శనివారం మధ్యాహ్నం బస్సులో ఛత్రపురం వచ్చి అక్కడ్నుంచి నడిచి ఊరు చేరడం. చరిత్ర పాఠాల్లో ప్రాచీన గ్రీసు ఉండేది. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగిన నాకు ఆ లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చదవడం ఎండలో ఇసుక మీద సైకిలు తొక్కినట్టుండేది. అది కాలేజీ గ్రంథాలయంలోనే కూర్చుని చదవాలి, ఇంటికి ఇవ్వరు. రోజుకు ఆరు పేజీలని లెక్క పెట్టుకున్నాను. నోటుపుస్తకంలో గీత గీసి, ఒక పక్క మనవాళ్ళు, ఇంకో పక్క ఎదుటివాళ్ళు అని పేర్లు రాసుకునేదాన్ని. మొదటి నెలంతా ఏథెన్స్ వాళ్ళు, ఏథీనియన్లు వేరువేరు జాతులనుకున్నాను. ఇద్దరూ ఎప్పుడు చూసినా ఒకే పక్షాన ఉండటం చూసి, స్నేహమంటే ఇదీ అని ముచ్చటపడ్డాను కూడా. స్పార్టా అనే ఊరికి ఇంకో రెండు పేర్లున్నాయని తెలిసేసరికి నా పట్టికలో ఎదుటివాళ్ళు అకారణంగా మూడింతలైపోయారు.

ఇంగ్లీషులో చదివింది తలకెక్కాలంటే తెలుగులో పైకి చెప్పుకోవాలి. అందుకని శనివారం సాయంత్రాలు మా అయ్య ఒడ్డున కూర్చుని వల బాగుచేస్తుంటే పక్కన చేరి, ఆ వారం చదివిన ముప్ఫై ఆరు పేజీలూ అప్పజెప్పేదాన్ని. మొదట అయ్య ఒక్కడే వినేవాడు. తరవాత పక్క పడవవాళ్ళు వచ్చారు. నాలుగో వారానికి చేపల గంపలు బోర్లించుకుని ఆడవాళ్ళు కూడా కూర్చున్నారు. మా ఊరు ఒక్క మాటగా ఏథెన్స్ పక్షం వహించింది. కారణం చిన్నది, వాళ్ళకు పడవలున్నాయి. స్పార్టావాళ్ళను ‘మెట్టోళ్ళు’ అనేవారు, అంటే నేల మీద బతికేవాళ్ళు, ఆ మాట మా ఒడ్డున తిట్టు. యుద్ధపు పడవకు మూడు వరుసల తెడ్లుంటాయని చెప్పిన రోజు పెద్ద గొడవైంది.

“మూడు వరసలేటే, కిందోడికి గాలెలాగ ఆడతాదే?” అన్నాడు మా పక్కింటి బాబాయి.

“పైనోడి సెమట కిందోడి నెత్తి మీద కారతాది,” అన్నాడు అయ్య, వల మీంచి తల ఎత్తకుండా. “అందుకే కోపాన యుద్ధం బాగా సేస్తారు.”

ఏథెన్స్ సైన్యం పడవలెక్కి దూరదేశం సిసిలీ వెళ్ళి, సైరక్యూస్ అనే రేవును ముట్టడించే ఘట్టం వచ్చేసరికి వినేవాళ్ళు నలభై ఒక్కమంది. ఆ సేనాపతికి మూత్రపిండాల జబ్బు. అతని పేరు ఎవరికీ నోరు తిరగక ‘నొప్పుల సేనాపతి’ అన్నారు. అతను మంచంలోంచే యుద్ధం నడుపుతున్నాడని చెబితే మా అమ్మ నిట్టూర్చి, “అంత సైన్నెం ఎంటెట్టుకుని, ఉలవకట్టు కాసిచ్చే మనిషి ఒక్కలూ నేదేటి,” అంది.

వినేవాళ్ళలో అందరికంటే ముందు కూర్చునేది గాలి తాత. ఆయన మా కులపెద్ద. రోజూ తెల్లారుజామున ఒడ్డుకు వచ్చి, గాలి వాసన చూసి, తడి ఇసుక పిడికిట్లోకి తీసుకుని, ‘ఎల్లండి’ అంటే పద్నాలుగు పడవలూ నీళ్ళలోకి దిగేవి. ‘ఒద్దు’ అంటే ఏ పడవా కదిలేది కాదు. ఒడ్డు మీద అన్న మాటకు తిరుగులేదు, అన్నవాడు కూడా దాన్ని ఊరికే వెనక్కి తీసుకోకూడదు. సరైన కారణం ఒకటి పుట్టాలి, అది పదిమందీ వినాలి. ఆ కట్టడి మా ఊళ్ళో ఎంత గట్టిదో చెప్పకపోతే ఇక ముందు జరిగింది మీకు పిచ్చిపనిలా కనబడుతుంది. డెబ్బై రెండేళ్ళ ఆ తాత పడవెక్కడం మానేసి అప్పటికి పదకొండేళ్ళు. ఒక గ్రహణం తరవాత, ఆచారం ప్రకారం మూడు రోజులు ఆగి, నాలుగో రోజున పడవకు పసుపునీళ్ళు చల్లి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి ఆయన ‘ఎల్లండి’ అన్నాడు. ఆ రోజు వెళ్ళిన ఆయన కొడుకు తిరిగి రాలేదు.

ఇది నాకు తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసి కూడా నేను చేసిన పని చూడండి. కార్తీక పౌర్ణమికి గ్రహణం పడుతుందని పంచాంగంలో ఉంది. గ్రీకు యుద్ధంలో కూడా ఒక చంద్రగ్రహణం రాబోతోందని మా లెక్చరరు క్లాసులో అన్నారు. ఊరి గ్రహణానికి పుస్తకంలోని గ్రహణం సరిగ్గా అందించాలని నాకు సరదా పుట్టింది. రోజుకు ఆరు పేజీల నియమం తప్పి, పద్నాలుగు పేజీల చొప్పున పరిగెత్తాను. గురువారం సాయంత్రం ఐదింటికి గ్రంథాలయం మూసే గంట కొట్టే వేళకు గ్రహణం పేజీ అందింది. దాని తరవాతి పేజీ తిప్పడానికి వ్యవధి లేకపోయింది. శుక్రవారం పౌర్ణమి సెలవు కాబట్టి ఆ రాత్రికే ఊరు చేరాను. పొద్దున్న అరటిదొప్పల్లో దీపాలు పెట్టి అందరితో పాటు సముద్రంలో వదిలాను, సాయంత్రం గ్రహణం చూశాను, శనివారం నాలుగు గంటలకు నా జీవితంలోకెల్లా గొప్ప కథ చెప్పడానికి ఇసుక మీద కూర్చున్నాను.

బాగానే చెప్పాను, అది నా దోషం. సైన్యం జబ్బున పడింది, తిండి తరుగుతోంది, రహస్యంగా పడవలెక్కి వెళ్ళిపోవాలని అంతా సిద్ధం చేసుకున్నారు. ఆ క్షణాన నిండు చంద్రుడికి గ్రహణం పట్టింది. శకునాలు చెప్పేవాళ్ళు లెక్క చూసి, మూడు తొమ్మిదుల రోజులు ఆగాలన్నారు. అది పూర్తయేదాకా కదిలే మాట ఎత్తడానికి కూడా ఒప్పుకోనన్నాడు సేనాపతి. ఇక్కడ ఆపి, మిగతాది వచ్చే శనివారం అన్నాను. ఎవరూ లేవలేదు.

“మూడు తొమ్మిదులంటే?” అన్నాడు గాలి తాత.

“ఇరవై ఏడు, తాతా.” గుణకారం నేనే చేసిపెట్టాను, ఎంత చక్కగా చేశానో.

“అంతమంది సదూకున్నోలు కూడి సెప్పినారా?”

“ఆ, కూడే చెప్పారు.”

“మరి మనకి మూడ్రోజులని ఎవలు సెప్పినారు?”

నిజానికి ఎవరికీ తెలియదు. తాత రోజూ తడి ఇసుక పట్టే తన ఎడమ అరచేతిని చూసుకున్నాడు. తరవాత లేచి, ఎవరితోనూ కాకుండా సముద్రంతో అన్నట్టు అన్నాడు. “ఇరవై ఏడు రోజులు ఆగవలిసింది. నాను నాలుగో రోజున ఎల్లమన్నాను.” తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “ఈపాలి ఇరవై ఏడు. అందాకా ఏ పడవా నీళ్ళు ముట్టదు.”

మొదటి మూడు రోజులు ఎవరికీ పట్టలేదు, అవి ఎలాగూ సెలవే. ఆదివారం నాడే నేను వేళ్ళ మీద చూసుకున్నాను. నవంబరు 30 నుంచి లెక్కేస్తే ఇరవై ఏడో రోజు డిసెంబరు 26. మాకు చేపలు బాగా పడేది ఆ నెలలోనే. అవి పట్టి, ఎండబెట్టి, దాచుకుంటే ఎండాకాలం గడుస్తుంది. చేపలు పడితేనే ఆడవాళ్ళు గంప నెత్తినెట్టుకుని ఛత్రపురం వెళ్తారు, వెళ్తేనే బియ్యం వస్తాయి. ఆ లెక్క వేసి, తాత దగ్గరికి పరిగెత్తి, కథ ఇంకా ఉంది తాతా, తరవాత ఏమైందో నేను చదవలేదు అన్నాను. ఆయన విసుక్కోలేదు. “ఏటైతే ఏటి. ఆగినోలు బతికుంటారు. సదివి ఒచ్చి సెప్పు, ఇంటాను,” అన్నాడు.

ఇంటికి వస్తుంటే నీళ్ళబావి దగ్గర ఆడవాళ్ళు దారిచ్చి నిలబడ్డారు. “ఏటే గిరీకూ, మీ సేనాపతి మంచం దిగినాడేటి?” అంది ఒకామె. “దిగడే, మా ఇంట బియ్యం అయిపోయిందాక దిగడు,” అంది ఇంకొకామె. నవ్వారు, కాని మామూలు నవ్వు కాదది. అమ్మ ఆ పూట వంటలో ఒక గిద్దెడు బియ్యం తగ్గించడం చూశాను. అయ్య నాతో మాట్లాడింది సోమవారం తెల్లవారి, నన్ను బస్సెక్కించేటప్పుడు. కోపంగా అనలేదు, అదే భయం వేసింది. “నువ్వేసిన ముడి నువ్వే ఇప్పు గుంటా. శనివారం నాటికి తేలిపోవాల. తేలకపోతే అత్త కాడ ఉన్న నీ పెట్టి ఎంట తెచ్చీ. ఊరి నోటి కాడ కూడు తీసిన సదువు మనకొద్దు.”

బరంపురం చేరి తిన్నగా గ్రంథాలయానికి వెళ్ళాను. తలుపు ఓరగా వేసి ఉంది, దాని మీద కాగితం. పుస్తకాల లెక్క చూస్తున్నందువల్ల డిసెంబరు 12 దాకా ఎవరికీ ప్రవేశం లేదు. లెక్కలంటే నాకు చిన్నప్పట్నుంచీ గౌరవం. ఆ రోజు మాత్రం లెక్క అనేదాన్ని కనిపెట్టినవాడి మీద కోపం వచ్చింది. లోపల గ్రంథాలయం పెద్దాయన ఒక్కడే, ముక్కుకు గుడ్డ కట్టుకుని దుమ్ములో కూర్చున్నాడు. ఒడియావాడే గాని తెలుగు చక్కగా మాట్లాడేవాడు. నా మొహం చూసి, “కొణ హెలా మా, ఏమైందమ్మా, ఎవరికైనా ఒంట్లో బాగులేదా?” అన్నాడు.

సైరక్యూస్‌లో ఏమైందో ఈ పూట తెలియాలన్నాను.

“రెండువేల మూడువందల ఏళ్ళు దాటిపోయింది మా. పది రోజులకు ఏమీ మారిపోదు.”

“మా ఊళ్ళో పద్నాలుగు పడవలు ఆగిపోయాయండి,” అన్నాను. మొత్తం చెప్పాను. ఆయన ముక్కు గుడ్డ తీసి, నవ్వాలో వద్దో తెలియక మళ్ళీ కట్టుకున్నాడు. పుస్తకం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. లెక్క మొదటి బీరువా నుంచి వరసగా సాగాలి, మధ్యలో ఒక్క పుస్తకం కదిలితే మొత్తం మళ్ళీ మొదలు పెట్టాలి. చరిత్ర పదకొండో బీరువా. ఆయన ఒక్కడూ అప్పటికి రెండో బీరువాలో ఉన్నాడు. ఇంకొకరైతే ఏడ్చేవారేమో. నేను ఆయన చెప్పింది న్యాయమేననుకుని (ఇప్పటికీ న్యాయమేనంటాను), పైట చెంగు నడుముకు దోపి, మూడో బీరువా ముందు కూర్చున్నాను. క్లాసులు ఎగ్గొట్టింది నా జీవితంలో ఆ నాలుగు రోజులే. నాలుగో బీరువాలో, పోయిందని ఏనాడో కొట్టేసిన పుస్తకం ఒకటి వెనక వరసలో పడి ఉంటే పట్టుకున్నాను. ఆ తరవాత పెద్దాయన నా లెక్కలు తిరిగి చూడటం మానేశాడు. మంగళవారం ఆరో బీరువా, బుధవారం తొమ్మిది. రోజుకొకసారి కళ్ళు మూసుకుని లెక్కేసుకునేదాన్ని. ఇవాళ నాలుగో రోజు, మామూలుగా అయితే ఈ పొద్దున పడవలు వెళ్ళి ఉండేవి. ఇవాళ ఐదో రోజు, అమ్మ బియ్యం ఇంకో గిద్దెడు తగ్గించి ఉంటుంది.

గురువారం, డిసెంబరు 5, పగలు మూడుంపావుకు పదకొండో బీరువా తెరిచాం. ఆ పుస్తకం మూడో అరలో ఉంది. పెద్దాయన దాన్ని రిజిస్టరులో టిక్కు పెట్టి, నా చేతిలో పెట్టి, కుర్చీ లాగి ఇచ్చాడు. నాకు బల్ల దాకా వెళ్ళే ఓపిక లేదు, నేల మీదే కూర్చుని పేజీ తిప్పాను. సేనాపతి ఆగాడు. అతను ఆగుతుంటే ఎదుటివాళ్ళు రేవు మూతిని పడవలతో, గొలుసులతో మూసేశారు. వలలో చేపల్లాగా ఇరుక్కుపోయారు ఏథెన్స్‌వాళ్ళు. పెద్ద యుద్ధమైంది, పడవలన్నీ పోయాయి. నేల మీద పారిపోయినవాళ్ళను పట్టి చంపారు, మిగిలినవాళ్ళను రాతిగనుల్లో పెట్టారు. సేనాపతిని కూడా చంపేశారు. అది చదివి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. వేలమంది చచ్చిపోయిన చోట కూర్చుని, బతికిపోయామనుకున్నాను. ఆగడం తప్పు, పుస్తకమే చెప్పింది. ఇక తాతకు చెప్పడమే తరువాయి.

అక్కడితో పుస్తకం మూసేసి ఉంటే నేను సుఖపడేదాన్ని. కాని నాకు లెక్క చూడకపోతే నిద్రపట్టదు. పెన్సిలు తీసి, గ్రహణం నాటి నుంచి కూడటం మొదలుపెట్టాను. ఆ కాలం నాటి రాతల్లో తేదీలుండవు, మర్నాడు, మూడో నాడు, కొన్నాళ్ళకు అని ఉంటుంది. కొన్నాళ్ళను ఎంత సాగదీసినా, ఆఖరి యుద్ధం నాటికి పదిహేను రోజులు దాటలేదు. మళ్ళీ కూడాను. పెద్దాయన చేత కూడించాను. ఆయనకు పద్నాలుగే వచ్చాయి. ఇరవై ఏడు రోజులు ఏథెన్స్‌వాళ్ళు ఆగనేలేదు. మధ్యలోనే కదిలారు.

నేల మీద అలాగే కూర్చుండిపోయాను. తాత ఏమంటాడో ఆయన గొంతుతో సహా వినిపించింది. ‘సూసినారా. పూర్తిగా ఆగనేదు గనకే పోయినారు.’

“ఇప్పుడేం చేస్తావు మా?” అన్నాడు పెద్దాయన.

“ఉన్నది ఉన్నట్టు చెబుతానండి,” అన్నాను. ఆ మాట అన్నప్పుడు అది నిజమే.

శనివారం నాలుగింటికి ఊరంతా ఒడ్డునే ఉంది. నలభై ఒక్కమంది కాదు, లెక్కపెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇసుక మీద వరసగా ఎండిపోయి ఉన్న పడవలు, వాటి మీద ఆరేసిన చేపలు లేక ఖాళీగా తిరిగే కాకులు. పెట్టె తెచ్చావా అని అయ్య అడగలేదు, నా ఖాళీ చేతుల వైపు మాత్రం చూశాడు. నేను కథ చెప్పాను. రేవు మూతి మూసేయడం, పడవలు ఒకదాన్నొకటి గుద్దుకోవడం, నీళ్ళలో పడ్డవాళ్ళు. ఎనిమిది వారాలుగా వాళ్ళు ఏథెన్స్ మనుషులు, ఒక్కరూ కదల్లేదు. రాతిగనుల దగ్గరికి వచ్చేసరికి మా అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. “ఎవల కన్న పిల్లలో,” అంది పక్కింటి పిన్ని.

గాలి తాత అడిగాడు. “ఇరవై ఏడు రోజులూ ఆగినారా?”

సరిగ్గా ఆ ప్రశ్నే అడుగుతాడని నాకు తెలుసు. జవాబు బస్సులో నలభైసార్లు అనుకుంటూ వచ్చాను. నోరు తెరిచేసరికి అమ్మ మణికట్టు మీద గాజులు కనబడ్డాయి, వారంలో అవి వదులైపోయి మోచేతి దాకా జారుతున్నాయి.

“ఆగారు, తాతా,” అన్నాను. “ఇరవై ఏడూ ఆగి, ఇరవై ఎనిమిదో రోజున కదిలారు. కదిలి పోయారు.”

“లెక్కెట్టినావా?”

“పెట్టాను.”

తాత నన్నే చూశాడు. తరవాత లేచి నిలబడి పదిమందికీ వినబడేట్టు అన్నాడు. “అయితే ఆగినా ఒకటే, ఆగకపోయినా ఒకటే. రేపు ఎల్లండి.” జనంలోంచి ఒక పెద్ద ఊపిరి లేచింది. అది తగ్గకముందే ఆయన మా అయ్య వైపు తిరిగాడు. “నాను కూడా ఒస్తాను. నీ పడవలో సోటెట్టు.”

ఆదివారం, డిసెంబరు 8, తెల్లవారుతుండగా పసుపునీళ్ళు చల్లారు, కొబ్బరికాయ కొట్టారు, పడవలు దిగాయి. పదకొండేళ్ళ తరవాత తాత పడవెక్కడం చూడటానికి ముసలమ్మలు కూడా వచ్చారు. నేను మాత్రం లెక్క పెడుతున్నాను. పద్నాలుగు వెళ్ళాయి, నా ఒక్క మాట మీద వెళ్ళాయి, ఆ మాట అబద్ధం. అమ్మ ఇంటికి రమ్మన్నా కదల్లేదు. పదకొండింటికి ఉత్తరపు గాలి లేచింది. పన్నెండున్నరకు నాలుగు పడవలు వచ్చాయి, నిండా చేపలు. ఎనిమిది రోజులు ఎవరూ ముట్టని సముద్రం కదా. ఒంటిగంటకు తొమ్మిది. రెండుంపావుకు పదమూడు. ఆడవాళ్ళు గంపలు నింపుతూ నవ్వుతున్నారు, ‘గిరీకు గుంటకి పెద్ద సేప ఇవ్వండే’ అంటున్నారు. పద్నాలుగోది మా అయ్యది.

మూడయింది. పక్కింటి బాబాయి నడుము దాకా నీళ్ళలోకి వెళ్ళి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, తల అడ్డంగా తిప్పుతూ వచ్చాడు. మూడున్నర. గంపలు నింపేవాళ్ళు కూడా నీళ్ళ అంచుకు వచ్చారు. అమ్మ నా పక్కన నిలబడి నా భుజం పట్టుకుంది, ఆ చెయ్యి తోసేయాలనిపించింది నాకు, ఆ చెయ్యికి ఏమీ తెలియదు. నాలుగింటికి గంగమ్మకు మొక్కాను. ఇప్పటికైనా నిజం చెప్పేస్తానని మొక్కాను, ఇంకెప్పుడూ లెక్క తప్పు చెప్పనని మొక్కాను, గ్రీకు దేవతల పేర్లు కూడా నోటికి వచ్చినన్ని తలుచుకున్నాను (వాళ్ళకు సముద్రానికో దేవుడున్నాడని గుర్తుంది, ఆ క్షణాన ఏ పక్షమో గుర్తులేదు). ఊరు ఊరంతా బొమ్మల్లా సముద్రం వైపు తిరిగి నిలబడింది. నాలుగూ యాభై.

“ఏటి సూస్తన్నారు అందరూ?” అన్నారెవరో వెనకనుంచి.

మా అయ్య. సరుగుడు తోట దారిలోంచి వచ్చి, మా వెనక నిలబడి, మెడలు చాచి తను కూడా సముద్రంకేసి చూస్తున్నాడు. పక్కన గాలి తాత, భుజాన తువ్వాలు లేకుండా. వల నిండా చేపలు పడి లాగలేకపోయారట. కోసేద్దామని అయ్య అంటే, పదకొండేళ్ళకు దొరికిన చేప వదలనని తాత పట్టుపట్టాడట. రెండు గంటలు వాదించుకునేసరికి గాలి వాళ్ళను దక్షిణానికి చాలా దూరం నెట్టేసింది. చివరికి వల కోసేసి, విరిగిన తెడ్డుతో ఎక్కడో ఒడ్డు పట్టి, పడవ అక్కడి వాళ్ళకు అప్పజెప్పి, ఎవరిదో ఎడ్లబండెక్కి రోడ్డున వచ్చారు. అమ్మ అయ్య తడిబట్టలు పట్టుకుని ఇంటివైపు లాక్కుపోయింది.

తాత తిరగబడిన ఒక పడవ మీద కూర్చున్నాడు. నేను ఆయన ముందుకు వెళ్ళి నిలబడి, ఒక్క ఊపిరిలో చెప్పేశాను. వాళ్ళు ఇరవై ఏడు రోజులు ఆగలేదు, పదిహేను లోపలే కదిలారు, నేను అబద్ధం చెప్పాను.

“తెలుసు,” అన్నాడు.

“ఎలా తెలుసు?”

“లెక్కెట్టినావా అని రొండోపాలి అడిగినాను గదా. నిన్నెవలైనా లెక్క రొండోపాలి అడిగితే కరవొస్తావు, పుట్టినకాణ్ణుంచి సూస్తన్నాను. నిన్న పిల్లిలాగున్నావు.”

“తెలిసి ఎందుకు వెళ్ళారు, తాతా?”

ఆయన పాదాలకంటిన ఇసుక ఒక కాలితో ఇంకో కాలిది దులుపుకున్నాడు. “బుధవారం నాటికే నాకు తెలిసినాది, ఊరిని ఎండగట్టీసినానని. నా నోటితో నాను ఎనక్కి తీసుకోనేను. నీ నోటితో తీసినావు. అబద్దం నీది, తప్పు నాది, దాని కింద నలిగేది మీ అయ్యొక్కడే ఎందుకవ్వాల? అందుకే ఎక్కినాను.” తువ్వాలు లేని భుజం తడుముకుని, “మీ సేనాపతి కూడా ఒక గుంటని ఎంటెట్టుకుంటే బాగున్ను,” అన్నాడు.

సోమవారం పొద్దున అయ్యే నన్ను బస్సెక్కించాడు. పెట్టె ఊసెత్తలేదు. ఛత్రపురం దాకా నడుస్తూ, మెట్టోళ్ళు తరవాత ఏం చేశారని మాత్రం అడిగాడు. ఆ సాయంత్రమే తాత అడిగి తీసుకున్న మాట ప్రకారం అసలు లెక్క ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, ఆయన పోయాక కూడా చెప్పలేదు, ఇదిగో ఇప్పుడే. నాకు అరవై ఎనిమిదేళ్ళు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆ పుస్తకం సొంతానికి కొనుక్కున్నాను, ఏథెన్స్ వాళ్ళూ ఏథీనియన్లూ ఒకరేనని ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను. ఏడాదికోసారి ఆ పేజీలు తీసి, కళ్ళద్దాలు తుడుచుకుని, గ్రహణం నాటి నుంచి మళ్ళీ కూడతాను. ఈసారైనా ఇరవై ఎనిమిది వస్తుందేమోనని చూసే ముసలిదాన్ని చూస్తే నాకే నవ్వొస్తుంది. ఎన్నిసార్లు కూడినా పదిహేను దాటదు.

పోయినవి ఇవి. వేట ఎనిమిది రోజులు, అందులో మూడు గ్రహణం కింద, ఐదు నా కింద. ఒక వల. ఒక తెడ్డు. గాలి తాత తువ్వాలు. నాలుగు రోజుల క్లాసులు. ఏథెన్స్ వాళ్ళవి సుమారు రెండు వందల పడవలు. మనుషుల లెక్క పుస్తకంలోనే సరిగ్గా లేదు.